మా మేనేజరు ఊదని విజిల్

మా స్టేజి మేనేజరు పోయారన్న కబురు నాకు బుధవారం పొద్దున తెలిసింది. తిరుపతిలో కొండకు పోయే బస్సులు నిలబడే చోట నాకొక చిన్న బంకు ఉంది. తమలపాకులు, కర్పూరం, అద్దాలు, దువ్వెనలు అమ్ముతాను. ఒకప్పుడు ఈ జిల్లా జనాన్ని పొట్ట పట్టుకుని నవ్వేట్టు చేసిన హాస్యగాణ్ణి. ఇప్పుడు గుండు కొట్టించుకుని దిగివచ్చినవాళ్ళకు దువ్వెన చూపించి "కావాలా సామీ?" అని అడిగి నవ్విస్తున్నాను.

కబురు తెచ్చినవాడు మా నాటకం కంపెనీలో తెర లాగిన మనిషే. కంపెనీ మూతపడ్డాక బస్సుల మీదికి మూటలు ఎక్కించే పనిలో చేరాడు. ఆ పొద్దు మూట దించకుండానే నా దగ్గరికి వచ్చాడు.

"మన మేనేజరు పోయినాడప్పా. కాళాస్తిలో. మూడు దినాలు జరమంట. ఆదివారం పోతే ఆ పొద్దే కానిచ్చేసినారంట."

నేను తమలపాకుల కట్టను నీళ్ళలో ముంచుతున్నాను. ముంచినది తీయలేదు. బంకు ముందర సోడా తాగుతున్న చిత్తూరు పెద్దమనిషి ఒకాయన మా మాటలు విని ఇటు తిరిగాడు.

"ఏ మేనేజరబ్బా? తాగి సింహాసనమెక్కి కూసున్నాడే, ఆయనా?" అని నవ్వాడు.

ఆ సంగతి జరిగి ఏడేళ్ళయింది. ఇరవై ఏళ్ళు నాటకాలు నడిపించిన మనిషి గురించి ఊరికి గుర్తున్నది అదొక్కటే. అయ్యా, చదివేవాళ్ళారా, ఆయన తాగలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ తాగలేదు. ఆ రోజు నిజంగా ఏం జరిగిందో తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను. మూడో ఫారం రెండుసార్లు తప్పినవాణ్ణి. రాతలో తప్పులుంటే అచ్చువేసేవాళ్ళు దిద్దుకోవచ్చు. సంగతి మాత్రం దిద్దవద్దు.

నాటకం చూసేవాళ్ళకు రాజువేషం ఎవరో తెలుసు, ఆడవేషం ఎవరో తెలుసు, హార్మోనియం వాయించేది ఎవరో కూడా తెలుసు. స్టేజి మేనేజరు ఎవరో తెలియదు. అడవి తెర పోయి అంతఃపురం తెర వచ్చిందంటే, శాపం ఇచ్చే ఋషి చేతికి సమయానికి కమండలం అందిందంటే, పద్యం మరిచిపోయిన రాజుకు పక్కనుంచి మొదటి ముక్క వినపడిందంటే, ఆ చీకటి పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నట్టు. మా కంపెనీలో ఆ మనిషి ఈయన.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. బనీను అంచుకు వరసగా పిన్నీసులు గుచ్చుకుని ఉండేవారు. నోట్లో ఎప్పుడూ రెండు మేకులు. మాట్లాడాలంటే వాటిని ఒక బుగ్గకు తోసి మాట్లాడేవారు. స్టేజి మీద చెప్పులు వేసుకోగా నేను చూడలేదు. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో సుద్దముక్క, దారపుండ, మీసాలూ గడ్డాలూ అతికించే బంక సీసా. ఆ బంకలో స్పిరిట్ కలుస్తుంది. ఆట ఉన్న రోజు పది మందికి మీసాలు అతికించి, మళ్ళీ పది మందికి ఊడదీసేసరికి ఆయన చేతులు రెండూ సారాకొట్టు మాదిరి వాసన కొట్టేవి. సబ్బుతో కడిగినా పోయేది కాదు. "అన్నం గూడా గడ్డం వాసనే వస్తాదప్పా" అని ఒకసారి నవ్వుతూ అన్నారు. మెడలో నల్లతాడుకు ఒక విజిల్ వేలాడేది. అది ఊదితే తెర లేవాలి. మళ్ళీ ఊదితే దిగాలి. ఇంకెవరు చెప్పినా, కంపెనీ యజమాని చెప్పినా సరే, తెర కదలకూడదు.

నేనేమో ఊరికే ఉండలేని మనిషిని. అప్పటికే నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చినా బుద్ధి రాలేదు. ఋషి పావుకోళ్ళను మేకులతో చెక్కలకు కొట్టేశాను. ఆయన కాలు దూర్చి నడవబోతే కాలు వచ్చింది గానీ పావుకోడు రాలేదు. రాజుగారు విసిరిపారేయాల్సిన పూలదండను దారంతో పక్కనున్న స్తంభానికి కట్టాను. విసిరిన దండ తిరిగి వచ్చి ఆయన మొహం మీదే పడింది. మా రాజువేషం మనిషి మంచి గాయకుడే, కాని తాను పాడుతుంటే దేవుడు కూడా చేతిలో పని ఆపేసి వింటాడని ఆయన నమ్మకం. అలాంటివాళ్ళను చూస్తే నాకు చేతులు ఊరుకోవు.

మేనేజరు ఎప్పుడూ నన్ను యజమానికి పట్టివ్వలేదు. ఒకనాడు మంత్రి గడ్డం దాచేశాను. తెర లేవడానికి ఇంకా రెండు నిమిషాలు ఉంది. మంత్రి ఏడుపు మొహం పెట్టాడు. మేనేజరు పెట్టె తెరిచి ఇంకో గడ్డం తీసి అతికించేశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి మేకులు బుగ్గకు తోసుకున్నారు.

"సూడప్పా, ఈ కంపెనీలో అన్నీ రెండేసి పెట్టుకుంటా ఉండా. ఒకటి నాటకానికి, ఇంగొకటి నీకు."

"అయితే నేనుండబట్టే కంపెనీ ఆస్తి పెరిగిందన్నమాట అన్నా" అన్నాను.

"నీ నోటికి గూడా ఒక తెర ఉండాలబ్బా. నేనే లాగుదును."

ఒకసారి నగరి దాటినాక బండి తిరగబడి రాజుగారి కుడిచెయ్యి విరిగింది. పుత్తూరికి తీసుకుపోయాం. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఆయన చేతిని పట్టుకుని లాగుతుంటే రాజుగారు అంతవరకూ ఏ నాటకంలోనూ అందుకోని శృతిలో అరిచారు. మేనేజరు మాత్రం పక్కన గొంతుకూర్చుని కట్టాయనను అడుగుతున్నారు.

"రేపు సాయంత్రానికి ఈ చెయ్యి పైకి లేస్తాదా అన్నా? మూడో అంకంలో విల్లు ఎత్తాల."

"విల్లా! మూడు వారాలు చెంబు గూడా ఎత్తేది లేదు. ఏం మనిషివయ్యా నువ్వు?"

మర్నాడు ఆట నిలిచిపోతుందనే అందరం అనుకున్నాం. ఈయన నాటకాన్నే అటుది ఇటు చేసేశారు. కట్టు ఉన్న చెయ్యి జనానికి కనపడకూడదంటే కుడి పక్కనుంచి వచ్చేవాళ్ళంతా ఎడమ పక్కనుంచి రావాలి. పొద్దునుంచి మధ్యాహ్నం దాకా మోకాళ్ళ మీద పాకుతూ స్టేజి మీద సుద్దగుర్తులన్నీ చెరిపి కొత్తవి వేశారు. ఎవరు ఎక్కడ నిలబడాలో ఒక్కొక్కరినీ పిలిచి, చెయ్యి పట్టుకుని నడిపించి చూపించారు. విల్లు ఎడమచేత్తో ఎత్తించారు. జనానికి ఏమీ తెలియలేదు. నేనొక్కణ్ణి అలవాటు కొద్దీ పాతపక్క నుంచి దూసుకొచ్చి మంత్రిని గుద్దుకుని పడ్డాను. జనం విరగబడి నవ్వారు.

ఆట అయ్యాక ఆయన నా మోకాలికి పసుపు అద్దుతూ, "నీకేమప్పా, నువ్వు తప్పు సేసినా జనం సప్పట్లు కొడతారు" అన్నారు. "మాకు అట్ల కుదరదు. నేను జనానికి కనపడినానంటే ఆ పొద్దు నా పని సెడినట్టే."

ఆయన అన్నం తినేది అందరూ తిన్నాక. వేషాల పెట్టె మీద కూర్చుని, కారియరు మూతలో కలుపుకుని, తెరల వైపు చూస్తూ తినేవారు. మేమంతా ఒక పక్కన చేరి ఊరివాళ్ళను వెక్కిరించుకుంటూ ఉండేవాళ్ళం. పిలిస్తే "మీరు కానీండి" అనేవారు. నలభై మంది మధ్యన ఉండే మనిషికి కూడా ఒంటరితనం ఉంటుందని నాకప్పుడు తెలియదు. ఇప్పుడు వందల మంది యాత్రికుల మధ్యన బంకులో కూర్చుంటే తెలుస్తోంది. భార్య ఎప్పుడో పోయింది. ఒకే ఒక కూతురు చిత్తూరులో అమ్మమ్మ దగ్గర పెరిగింది. చిత్తూరులో మకాం పడినప్పుడు మాత్రం ఆయన పొద్దున్నే తలకు నూనె రాసుకుని బయలుదేరేవారు. ఎక్కడికని అడిగితే "పనుండాది" అనేవారు. కూతురి పెళ్ళి కూడా మాకు అయ్యాకే తెలిసింది. నాటకాలవాళ్ళంతా వస్తే మగపెళ్ళివారు ఏమనుకుంటారోనని మమ్మల్ని పిలవలేదట. ఆ సంగతి తెలిసి నేను ఆయన్ను వారం రోజులు దెప్పాను. ఆయన నోట్లో మేకులు తీయలేదు.

ఇక సింహాసనం సంగతి. అది దేవదారు పెట్టెలు పగలగొట్టి చేసి, బంగారు కాగితం అంటించిన కుర్చీ. మా రాజుగారు బరువైన మనిషి. అందుకని ప్రతి ఆటకు ముందు, తెర దించి ఉండగా, మేనేజరు దాని మీద కూర్చుని పరీక్ష చేసేవారు. ఊరికే కూర్చుంటే చాలదు. రాజు పద్యం ఎత్తుకున్నప్పుడు ఎటు వాలుతాడో, ఏ మాట దగ్గర ఏ కాలి మీద బరువు పడుతుందో ఆయనకు తెలుసు. అందుకని కళ్ళు మూసుకుని, పద్యం మొత్తం లోలోపల గొణుక్కుంటూ, రాజు ఊగినట్టే కుడికీ ఎడమకీ ఊగేవారు. ఎక్కడైనా కిర్రుమంటే దిగి అక్కడ మేకు కొట్టేవారు. అట్లా చేసే మేనేజరు ఇంకో కంపెనీలో ఉంటాడనుకోను.

యుద్ధంలో జపాను బాంబులకు భయపడి మద్రాసు జనం పెట్టెలు సర్దుకుని చిత్తూరుకు వచ్చిపడిన ఏడు అది. కిరసనాయిలు దొరక్క పెట్రోమాక్సులు వెలిగించే దారి లేదు. అందుకని ఆదివారం పగటాట పెట్టాం. రేకుల హాలు, పైన అద్దపు కిటికీలు, వెలుతురు బాగా పడుతుంది. ముందు వరసల్లో మద్రాసువాళ్ళు కుర్చీలు నిండా కూర్చున్నారు.

ఆ రోజు మేనేజరు తెల్లపంచె కట్టుకుని వచ్చారు. కొత్తది, మడతలు కూడా విడలేదు. పైన ఇస్త్రీ చేసిన చొక్కా. పిన్నీసుల బనీను తప్ప ఆయన ఒంటి మీద ఇంకోటి చూడనివాళ్ళం, నోళ్ళు తెరిచాం.

"ఏమన్నా, పెండ్లికొడుకు మాదిరి వచ్చినావే! వదినను యాడన్నా సూసి పెట్టుకుంటివా?" అన్నాను.

"నోరు మూసుకోని గడ్డానికి బంక పూసుకో పో" అన్నారు. కానీ కోపం లేదు ఆ గొంతులో. ఇంకేదో ఉంది. సంతోషమనుకుంటాను. ఆయనలో ఎప్పుడూ చూసింది కాదు కాబట్టి పోల్చుకోలేకపోయాను.

ఆటకు ఇంకా పది నిమిషాలుంది. తెర లాగేవాడు బీడీ తాగడానికి బయటికి పోయాడు. నేను వేషం వేసుకుని అటుగా పోతుంటే తెర వెనక మేనేజరు ఒక్కరే సింహాసనం మీద కూర్చుని ఉన్నారు. తలకు తుండుగుడ్డ చుట్టుకున్నారు. కళ్ళు మూసుకుని పద్యం గొణుక్కుంటూ ఊగుతున్నారు. తెల్లపంచె కుచ్చెళ్ళు నేల మీద పరుచుకుని ఉన్నాయి. నిజం చెబుతున్నాను, ఆయన బాగున్నారు. ఇంత బాగున్న మనిషిని జనం ఎప్పుడు చూస్తారనిపించింది. చూపిద్దామనిపించింది. అంతే. అందులో పగ లేదు, కసి లేదు. నా అల్లర్లన్నిటిలోకీ ఇష్టంతో చేసింది అదొక్కటే.

తాడు పట్టుకుని లాగాను. తెర లేచింది.

ఆయనకు తెలియలేదు. కళ్ళు మూసుకుని ఊగుతూనే ఉన్నారు, పెదవులు కదులుతూనే ఉన్నాయి. వెనక బెంచీల్లోనుంచి ఒకడు అరిచాడు.

"తాగినాడ్రోయ్!"

ఇక చూడండి. ఈలలు, చప్పట్లు, "ఒన్సుమోర్!" అని కేకలు. ఆయన కళ్ళు తెరిచారు. ఎదురుగా అన్ని మొహాలు. ఆయన లేచి పరుగెత్తలేదు. జనానికి ఒక నమస్కారం పెట్టి, నేనున్న వైపు తలతిప్పి, చెయ్యి మెల్లగా కిందికి దించి చూపించారు. దించు అని. నా చేతిలోనుంచి తాడు జారింది. తెర దబ్బున పడింది.

ఆయన నా దగ్గరికి వచ్చి, "వెనక కాలు ఇంకా ఊగతా ఉండాది. ఒక మేకు కొట్టమను" అన్నారు.

ఇంతలో యజమాని పంచె ఎగ్గట్టుకుని లోపలికి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఎవడురా తెర ఎత్తింది? మద్రాసోళ్ళ ముందర నా పరువు తీస్తిరి గదరా! వాడెవడో సెప్పండి, ఇప్పుడే మెడబట్టి గెంటుతా!"

నేను నోరు తెరవబోయాను. తెరిచానో లేదో నాకే తెలియదు. మేనేజరు అడ్డం వచ్చి నిలబడ్డారు.

"ఎవురి తప్పూ లేదు సామీ. నేనే విజిల్ ఊదినా. పొరపాటున."

"నువ్వే ఊదితివా? సింహాసనం మీద కూసోని విజిల్ ఊదుకుంటివా? తాగినావా ఏమి?"

మేనేజరు తల వంచుకున్నారు. ఔనని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కాదంటే మరి ఎవరు ఎత్తారన్న ప్రశ్న మళ్ళీ వస్తుంది. అక్కడున్నవాళ్ళంతా చూస్తున్నారు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పుగా ఊదని మనిషి సింహాసనం మీద కూర్చుని విజిల్ ఊదాడంటే, తాగక ఇంకేమిటి? యజమాని థూ అని ఊసి వెళ్ళిపోయాడు. జనం గేలి చేసింది ఒక నిమిషం. ఆయన నాకోసం ఆడిన అబద్ధం దాన్ని ఏడేళ్ళు నిలబెట్టింది.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నారు.

"నిన్ను కాపాడినా అనుకోవద్దు. నువ్వు లేకపోతే మూడో సీను పోతాది, దానికోసరం సెప్పినా. పో, గడ్డం సరిగ్గా అంటుకోలేదు నీకు."

ఆట బ్రహ్మాండంగా జరిగింది. నన్ను చూసి మద్రాసువాళ్ళు కూడా నవ్వారు.

ఆట ముగిశాక వెనక గుమ్మం దగ్గరికి ఒక యువకుడు వచ్చాడు. చేతిలో గొడుగు, కంటికి అద్దాలు, గుమాస్తా మాదిరి ఉన్నాడు. మేనేజరు అప్పుడే ఋషి గడ్డం ఊడదీస్తున్నారు. ఆ యువకుణ్ణి చూడగానే బంక సీసా చేతిలో ఉండగానే గబగబా పోయి రెండు చేతులూ జోడించారు. ఆ యువకుడు ఒక అడుగు వెనక్కు వేశాడు. జేబులోనుంచి రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. అట్లాగే తిరిగి వెళ్ళిపోయాడు. కొంచెం దూరంలో గోడ నీడన ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. అతను ఆమె రెక్క పట్టుకుని నడిపించుకుపోయాడు. ఆమె రెండుసార్లు వెనక్కు చూసింది. మేనేజరు చేతులు జోడించినవి జోడించినట్టే నిలబడి ఉన్నారు.

"ఎవురప్పా వాళ్ళు?" అని తెర లాగేవాణ్ణి అడిగాను.

"తెలీదా నీకు? ఆయన కూతురూ అల్లుడూ. మామ ఏం పని సేస్తాడో సూస్తానని మొట్టమొదటిసారి వచ్చినాడంట. మూడో వరసలో కూసున్నారు."

తెల్లపంచె ఎందుకో అప్పుడు తెలిసింది నాకు.

అప్పట్లో మా జిల్లాలో తాగడమంటే ఊరికే చెడ్డపేరు కాదు, పోలీసులు పట్టుకునే నేరం. అల్లుడు ఆఫీసులో కలం పట్టుకుని బతికేవాడు. తాగుబోతు మామ తనకు వద్దన్నాడు. కూతుర్ని పంపలేదు. పండక్కు పోయిన మేనేజరును గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపాడట. తర్వాత అదీ లేదు. పాడైనదానికి బదులు పెట్టెలోనుంచి ఇంకోటి తీసి ఇవ్వగలిగిన మనిషే, కానీ పేరుకు రెండోది ఉండదు కదా.

నేనెందుకు పోయి చెప్పలేదని మీరు అడుగుతారు. అడగండి. ఆ వారం ఉద్యోగం పోతుందని భయపడ్డాను. కంపెనీ మూతపడ్డాక ఆ భయమూ లేదు, అయినా పోలేదు. ఇన్నాళ్ళు చెప్పనివాడు ఇప్పుడు చెబితే ఏమనుకుంటారోనని సిగ్గు. ప్రతి ఉగాదికీ ఈసారి పోదామనుకునేవాణ్ణి. వెయ్యి మంది ముందర గాడిద మాదిరి ఓండ్రపెట్టడానికి సిగ్గుపడనివాణ్ణి, ఒక్క గుమాస్తా ముందర నిలబడడానికి సిగ్గుపడ్డాను.

సినిమా డేరాలు వచ్చి మా కంపెనీని తినేశాక మేనేజరు శ్రీకాళహస్తిలో ఉండిపోయారు. అక్కడ గుడ్డల మీద దేవుళ్ళ బొమ్మలు రాసే కలంకారీ ఆయన ఒకరు తన ఇంట్లో ఒక గది ఇచ్చారు. రంగులు వేసిన గుడ్డలను స్వర్ణముఖిలో ఉతికి ఇసుకలో ఆరబెడితే, మేకలూ కుక్కలూ తొక్కకుండా చూసుకోవడం ఈయన పని. రెండేళ్ళ కిందట పోయి చూశాను. ఎండలో ఇసుక మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ గుడ్డల మీద దేవుళ్ళు వెల్లకిలా పడుకుని ఉన్నారు. కనుచూపు మేర ఇంకో మనిషి లేడు.

"ఏమన్నా, బలే కంపెనీ పట్టినావే! ఇంతమంది ఉండారు, ఒక్కడూ జీతం అడగడు" అన్నాను.

ఆయన నవ్వారు. నోట్లో మేకులు లేకపోవడం వల్ల ఆ నవ్వు కొత్తగా ఉంది. పళ్ళు చాలామట్టుకు లేవు. "పద్యం మరిసిపొయ్యేవోడు గూడా లేడప్పా" అన్నారు.

చాలాసేపు కూర్చున్నాం. ఆయన కూతురి సంగతి ఎత్తలేదు. నేనే అడిగాను.

"మనమడు పుట్టినాడని ఎవురో సెప్పినారు" అన్నారు. గుడ్డ అంచు మీదికి వచ్చిన ఇసుకను వేళ్ళతో తోస్తూ అన్నారు. "ఎట్లుంటాడో."

"అన్నా, నేను పొయ్యి సెప్పేదా? తెర ఎత్తింది నేనని?"

ఆయన నావైపు చూశారు. కోపం లేదు. పద్యం మరిచిపోయిన నటుణ్ణి చూసినట్టు, అందుకుంటాడేమోనని ఎదురుచూస్తున్నట్టు చూశారు.

"సెప్పేవోడివైతే అడగవు గదప్పా" అన్నారు.

తర్వాత వాన సంగతి మాట్లాడారు. నేను సాయంత్రం బండికి తిరిగి వచ్చేశాను. చిత్తూరుకు పోలేదు.

బుధవారం ఆ పెద్దమనిషి సోడా తాగి నవ్వి పోయాక, తెర లాగినవాడు నా వైపు అదోలా చూశాడు. ఆ రోజు బీడీ తాగి వచ్చేసరికి తాడు ముడి మారి ఉండడం వాడు చూసి ఉంటాడు. వాడూ ఏడేళ్ళు ఏమీ అనలేదు. నేను బంకుకు తడిక కట్టేసి చిత్తూరు బస్సెక్కాను.

మేనేజరు కూతురి ఇల్లు వెతుక్కుని పోయేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఆమె గుమ్మంలో బియ్యం ఏరుతోంది. తడి ఆరని జుట్టు ముడి వేసుకుని ఉంది. కాళహస్తినుంచి కార్డు వచ్చిందని, తలకు పోసుకున్నానని చెప్పింది. పోలేదా అని నేనడగలేదు. వాళ్ళ నాయనతో పని చేసినవాణ్ణని చెప్పుకున్నాను.

"తెలుసు. నాటకంలో మంత్రిని గుద్దుకోని పడినాయన గదా, మా నాయన సెప్పేవోడు" అంది.

నిలబడే చెప్పేశాను. తాడు లాగింది నేను, విజిల్ ఎవరూ ఊదలేదు, ఆ ఊగుడు కుర్చీ కాలి కోసం, ఆ వాసన మీసాల బంకది. ఇరవై ఏళ్ళు వేల మాటలు అప్పగించిన నోరు, ఆ నాలుగు మాటలకు ఎండిపోయింది.

ఆమె చేటలో చేతులు ఆడిస్తూనే ఉంది.

"మా నాయన తాగలేదని నాకు తెలుసు చిన్నాయనా. తాగినోడు అంత తెల్లపంచె మాసిపోకుండా కట్టుకుంటాడా? అందురూ నవ్వతా ఉంటే నేనొక్కదాన్నే సూస్తా ఉండా. పుట్టినప్పటినుంచి మా నాయనను అట్ల కూసోని ఉండంగా సూడలేదు." ఒక రాయి ఏరి పారేసింది. "నాకు తెలిస్తే ఏం లాభం? నా మాట ఎవురింటారు? ఇంగొకరు వచ్చి సెప్పాల. ఏడేండ్లు సూసినా, ఎవురన్నా వస్తారేమోనని."

నేను తల దించుకున్నాను.

"నాకు కాదు సెప్పాల్సింది. ఆయన వచ్చే పొద్దాయె. కూసో" అంది.

కూర్చున్నాను. అయిదు దాటాక అల్లుడు సైకిలు మీద వచ్చాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. అద్దాలు ఇంకా మందమయ్యాయి. నన్ను చూసి సైకిలు దిగకుండా ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు. లోపలికి పోతే ధైర్యం జారిపోతుందనిపించి వీధిలోనే, పక్కింటివాళ్ళు వింటున్నా సరే, మొత్తం చెప్పాను. ఆయన మధ్యలో అడ్డుకోలేదు. అంతా విన్నాక ఒక్కటే అడిగాడు.

"ఏడేండ్లు యాడుంటివయ్యా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు, తుడుచుకోలేదు, మళ్ళీ పెట్టుకోలేదు.

నేను నమస్కారం పెట్టి వచ్చేశాను. వీధి మలుపులో తిరిగి చూశాను. ఆమె గుమ్మం దిగి వచ్చి, రోజూ చేసే పనే అయినట్టు, సైకిలుకు తగిలించిన కారియరు తీసుకుని లోపలికి పోయింది. తలుపు వేయలేదు. అల్లుడు అట్లాగే నిలబడి ఉన్నాడు. వెనక ఎవరిదో ఎడ్లబండి వచ్చి ఆగింది. దారి వదలమని బండివాడు రెండుసార్లు కేకేశాడు. ఆయన కదల్లేదు.